సాలోమోను భార్య

జమ్మలమడుగులో జరిగే బంధువుల కూడికకని జయప్రకాష్ వంశవృక్షాన్ని ఫ్లెక్సీ మీద వేయించి, ఫొటో ముందుగా అందరికీ పంపాడు. పైన, పందొమ్మిదో శతాబ్దంలో బాప్తిస్మం పొందిన సాలోమోను. కింద కొడుకులు, మనుమలు. ఒక్క ఆడమనిషి లేదు. ప్రొద్దుటూరులో నర్సుగా ఎన్నో పురుళ్లు పోసి రిటైరైన వనజకు అది చూసి ఒళ్లు మండింది. తనకు పెదనాన్న కొడుకైన జయప్రకాష్‌కు ఫోన్ చేసింది.

"సాలోమోను భార్య పేరేంది న్నా?"

"అంత పాతకాలం ఆడోళ్ల పేర్లు యాడ దొరుకుతాయి మ్మా?"

"ఆయప్ప ఒక్కడే కన్నాడా అందరినీ?"

మరుసటి రోజే బస్సెక్కి కొండాపురం పోయింది. మేనత్త దీవెనమ్మ ఉండేది అక్కడి పునరావాస కాలనీలో. పాత ఊరు, దాంతోపాటు సమాధులూ గండికోట రిజర్వాయరు నీళ్లలో మునిగిపోయాయి.

"ఓబులమ్మ," అంది ముసలామె తడుముకోకుండా. "మా జేజికి, మా నాయన తల్లికి, అత్త. మన ఇంట్లో మొదట దేవున్ని నమ్ముకునింది ఆమే. దానికి మొగుడు కొట్టి తరిమినాడు. బిడ్డను చంకనేసుకోని కూలికి పోయింది. ఆయప్పకు జబ్బు చేస్తే ఎవురూ దగ్గరికి రాకపాయె, ఈమే పోయి సాకింది. ఆ తర్వాతే ఆయప్ప బాప్తిస్మం తీసుకోని సాలోమోను అయ్యింది."

"ఎవురికీ చెప్పలేదేం అత్తా?"

"జయప్రకాష్ వచ్చినాడు కదా. ఆమె మాట ఎత్తంగానే కాఫీ తాగి లేసినాడు."

తెలిసే చేశాడన్నమాట! అనుకుంది వనజ తిరుగు బస్సులో.

కూడిక రోజు ప్రార్థన ముగియగానే ఆమె జయప్రకాష్‌ను నిలదీసింది.

"పెద్దాయన్ను అందరి ముందర తక్కువ చేస్తావా?" అన్నాడతను.

"కొట్టినాడని రాయమంటినా? ఆమె ఉండిందని రాయి."

"ఫ్లెక్సీ అయిపాయె కదమ్మా. అన్నం చల్లారిపోతాంది, పాండి."

వనజ మైకు అందుకుంది. పేరు మాత్రమే చెబుదామనుకున్న మనిషి, తన్నులు, తరిమివేత, కూలి, సేవ, అన్నీ చెప్పేసింది. మగవాళ్లు కొందరు మధ్యలోనే లేచి పంక్తికి నడిచారు. జయప్రకాష్ భార్య మాత్రం ముందు వరుసలో కదలకుండా కూర్చుని విన్నది.

వారం తర్వాత వాట్సాప్ గ్రూపులో సవరించిన చెట్టు వచ్చింది. సాలోమోను పక్కన చిన్న అక్షరాలతో 'శ్రీమతి సాలోమోను' అని ఉంది.

వనజ వెంటనే ఫోన్ చేసింది. "ఓబులమ్మ అని రాసేకి నీకేం నొప్పి న్నా?"

అతను ఫోన్ పెట్టేశాడు. ఇప్పటికీ దిద్దలేదు. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే ఆమె మళ్లీ ఫోన్ చేస్తుంది.