యాకయ్య మామ: మా ఆన్‌లైన్ క్లాసులకు కాపలా నేర్పిన స్టేషన్ మాస్టర్

నిన్న పొద్దున అత్తమ్మ ఫోన్ చేసి, "మామ లేడు బిడ్డా" అంది.

"ఏడికి పోయిండు?" అని అడిగాను.

పిచ్చిదాన్ని. రెండోసారి చెప్తే గానీ తలకెక్కలేదు.

అప్పటి నుంచి కలలో నడుస్తున్నట్టే ఉంది. చాయ్ పెడతాను, తాగడం మరిచిపోతాను. రైలు కూత వినపడితే చాలు, డోర్నకల్‌లో మామ వాళ్ల వరండాలో కూర్చున్నట్టే అనిపిస్తుంది.

యాకయ్య మామ మా అమ్మ తమ్ముడు. రిటైర్డ్ స్టేషన్ మాస్టర్. కంప్యూటర్ చదువు లేదు. అయినా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎంతోమంది టీచర్లకు ఆన్‌లైన్ సేఫ్టీ నేర్పింది ఆయనే.

అదంతా నా తప్పుతో మొదలైంది.

లాక్‌డౌన్ రోజులు. పెద్దవంగర దగ్గర మా స్కూల్ పిల్లలకు ఫోన్‌లోనే క్లాసులు. ఎవరూ మిస్ కావొద్దని క్లాస్ లింక్ నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను.

ఎంత తెలివో చూడండి!

ఒకరోజు ఎవడో మా పదో తరగతి స్రవంతి పేరు పెట్టుకుని వచ్చాడు. పేరు చూసి లోపలికి రానిచ్చాను. వాడు క్లాసు మధ్యలో పాడు వీడియో పెట్టాడు.

ఆ పిల్లే ఎవడికో లింక్ ఇచ్చిందని ఊరంతా అనుకున్నారు. వాళ్ల నాయన ఫోన్ గుంజుకుని, చదువు బంద్ అన్నాడు. నేనేమో "యాప్‌లో ఏదో ప్రాబ్లం" అని తప్పించుకున్నాను.

రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

మామ దగ్గరికి పోయి ఏడ్చాను. అంతా విన్నాడు.

"స్టేటస్ల పెట్టింది నువ్వు, మాట పడ్డది ఆ పిల్ల. గిదేం న్యాయమే? లే, పోదాం."

ఆటో మాట్లాడుకుని పోయినం. దారి పొడవునా పత్తి పూత. ఆ దారి ఇప్పటికీ నా కళ్ల ముందు మెల్లగా కదులుతూనే ఉంటుంది.

స్రవంతి వాళ్ల వాకిట్లో, ఇరుగుపొరుగు వింటుండగా, వాళ్ల నాయనకు "లింక్ బయట పెట్టింది నేనే అన్నా" అని చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి, ఫోన్ తెచ్చి బిడ్డ చేతిలో పెట్టాడు.

ఆ వారం నుంచే వరండాలో మామ క్లాసులు షురూ. దూరపు ఊళ్ల టీచర్లు వీడియో కాల్‌లో వచ్చేవాళ్లు.

"పక్క స్టేషనాయన లైన్ ఖాళీ ఉన్నదని తన రహస్య కోడ్, గదే ప్రైవేట్ నంబర్, చెప్తెనే మేం బండి ఇడిసేది. గొంతు గుర్తువట్టినా సరే, నంబర్ లేకుంటే బండి లేదు. మీరేమో పేరు చూసి తలుపు తీస్తరు!" అని తిట్టేవాడు.

పిల్లలకు తలా ఒక రహస్య నంబర్ ఇప్పించాడు. అది టీచర్ ఫోన్‌కు పంపితేనే క్లాసులోకి ఎంట్రీ.

భూపాలపల్లి సార్ ఒకాయన పాస్‌వర్డ్‌ను ఐడీ కార్డు వెనక రాసుకుని మెడలో వేసుకు తిరిగేవాడు. ఒకసారి డోర్నకల్ వస్తే, మామ ఆ కార్డు తిప్పి అందరి ముందు గట్టిగా చదివేశాడు. ఎంత నవ్వామో!

నిన్న సాయంత్రం స్రవంతి ఫోన్ చేసింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

"టీచర్, ఆ రోజు మీరు మా నాయినతోని మాట్లాడుతుంటే, తాత నా దగ్గరికొచ్చి 'నీ తప్పేం లేదు బిడ్డా' అన్నడు. గప్పటిదాంక నాతోని ఎవ్వలూ గా మాట అనలే."

నేనూ అనలేదు. వాళ్ల నాయనకు చెప్పాను, ఊరికి చెప్పాను. ఆ పిల్లకు మాత్రం చెప్పలేదు. ఇన్నేళ్లూ.

నిన్న ఫోన్‌లో చెప్పాను. ఇద్దరం ఏడ్చాం.

పోయి రా మామా. అందరి పరేషానీ నెత్తినేసుకున్నది చాలు, ఇక నిమ్మలంగా పండుకో.