మెదక్ బజారులో మొక్కుబడి ఆవు

కాలేజీ వక్తృత్వ పోటీలో గోమాత మహిమపై అరగంట గర్జించి మొదటి బహుమతి కొట్టేశాను. వేదిక దిగగానే మిత్రుడొకడు, "ఎప్పుడైనా ఆవును తాకావురా?" అని అడిగాడు. తాకలేదు. ఈ ఘోరమైన లోటు పూడ్చుకోవడానికే ఆదివారం పొద్దున్నే హైదరాబాదు గౌలిగూడలో మెదక్ బస్సెక్కాను. టికెట్టు రెండున్నర రూపాయలు, ప్రయాణం మూడు గంటలకు పైనే. ఊరికంటే ముందు చర్చి శిఖరం కనిపిస్తుంది; అప్పుడే సామాను సర్దుకోవచ్చు.

బస్టాండు పక్కన చాయ్ తాగి కోట వైపు నడుస్తుంటే, మెడలో బంతిపూల దండతో ఒక ఆవు, దాని పలుపు పట్టుకుని ఏడుస్తూ ఒక ముసలామె ఎదురయ్యారు. దారినపోయేవాళ్లంతా ఆవు తోకను కళ్లకద్దుకుని సాగిపోతున్నారు. నేనూ గంగడోలు తాకాను. వెచ్చగా, మెత్తగా ఉంది. నా ఉపన్యాసంలో ఈ ముక్క లేనే లేదు.

"ఎందుకేడుస్తున్నావు అవ్వా?"

"నిరుడు గీ మా గౌరావు కడుపుబ్బి సావబోయింది కొడుకా. బతికితె గుడికిస్తనని మొక్కిన. బతికింది. ఇగ ఇడిసిపెట్టాలె. సచ్చినా ఏడుపే, బతికినా ఏడుపేనాయె."

తర్కశాస్త్రం చదివినవాణ్ని కదా, వెంటనే ఉపాయం చెప్పాను. "బదులుగా ఇంకో ఆవునిస్తే?"

"తల్లిని మారుస్తరా? నీ సదువు సల్లగుండ!"

గుడిదాకా వెంట నడిచాను. పూజారి గౌరికి బొట్టు పెట్టి, దండం పెట్టి, నిట్టూర్చాడు. "నర్సవ్వా, ఇప్పటికే నాలుగున్నయి. మొక్కినోళ్లు ఇడిసి పోతరు, గడ్డెవరేస్తరు?"

"గట్లయితె నా మొక్కు?"

"దేవునికి ముట్టింది. ఇగ దేవుని ఆవును నీ కొట్టంలనే మేపు. పండుగకు పాలు తెచ్చియ్యి."

నర్సవ్వ ముక్కు చీదుకుని, పూజారి మనసు మారకముందే పలుపు అందుకుని బయటపడింది. బజారులో గౌరి ఒక గంపలోంచి కొత్తిమీర కట్ట లాగింది. నర్సవ్వ నోటిదాకా వచ్చిన తిట్టును మింగి, గౌరికి చేతులు జోడించింది. "తల్లీ, జర ఇడువుండ్రి!"

గంపామె విరగబడి నవ్వింది. "గిదేందే! నిన్నటిదాంక బండబూతులు తిడ్తివి, గిప్పుడు దండాలా?"

"నిన్న నాది. ఇయ్యాల దేవునిది. నువ్వే తిట్టు, జర గట్టిగ తిట్టు!"

ఆవును తాకుదామని వచ్చి, ఒకే జంతువుకు దండమూ తిట్టూ ఎలా దక్కుతాయో చూశాను. దండాలకు ఊరంతా ఉంది; మేతకు, తిట్లకు ఒక నర్సవ్వ. ఇందులో ఏది భక్తో తేల్చే పని వచ్చే ఏడాది వక్తలకు వదిలేస్తున్నాను. మెదక్ వెళ్లేవారికి ఒక మాట: ఆవుకు దండం పెట్టాలనిపిస్తే ముందు బజారులో ఒక పచ్చగడ్డి మోపు కొనండి. ఆవులు ఉపన్యాసాలు తినవు.