బానలో కాపురమున్న గ్రీకాయన

నేను చదివింది ఐదో తరగతి. అయినా మా కోడలు తెచ్చిన గ్రీకు జ్ఞానుల పుస్తకం పొయ్యి మీద పులుసు ఉడికేలోపు రోజూ రెండు పేజీలు చదివేదాన్ని. వాళ్ల పేర్లు నా నోటికి పట్టవు. అందుకని నేనే ఆనవాళ్లు పెట్టుకున్నాను: ప్రశ్నలాయన, నీళ్లాయన, బానాయన. లోకమంతా నీళ్లేనన్నాడు నీళ్లాయన. తుపానప్పుడు మా వీధి చూసినట్టున్నాడు. ప్రశ్నలాయన ఎవరేం చెప్పినా "అంటే ఏమిటి?" అంటాడు. అలాంటివాడు మా ఇంట్లో ఉంటే అన్నం పెట్టేదాన్ని కాదు. బానాయనంటే మాత్రం నాకు ప్రాణం. ఇల్లూ వాకిలీ వద్దనుకుని పెద్ద మట్టి బానలో పడుకునేవాడట. చక్రవర్తి వచ్చి ఏం కావాలో కోరుకోమంటే, ఎండకు అడ్డం నిలబడ్డావు, కాస్త జరగమన్నాడట.

మా బోగోలులో ఆడవాళ్ల ప్రార్థన కూడిక ప్రతి శుక్రవారం ఒక్కో ఇంట్లో జరుగుతుంది. ఆ ఇంటామె సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు తనకు చేసిన మేలు. నాకున్నది ఒకటే, మా పెద్దోడి టైఫాయిడ్ జ్వరం. ఎన్నేళ్లుగానో అదే చెబుతున్నాను. మా ఆయన అక్క, అంటే మా వదిన, ఎదురుగా కూర్చుని నాకంటే ముందే పెదాలు కదుపుతుంది. "అప్పుడు డాక్టరు గారు" అనేసరికి నాలాగే చెయ్యి కూడా ఊపుతుంది. పక్కవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఈసారి మా వంతు వచ్చినప్పుడు వదిన పెదాలు కదలకూడదు. అదొక్కటే నా పంతం.

మా ఇంట్లో కూడిక జరిగిన శుక్రవారం లేచి, జ్వరం ఊసెత్తకుండా బానాయన సంగతి మొదలుపెట్టాను. దేవుడు నాకు ఇల్లిచ్చాడు, గ్రీకు దేశంలో ఇల్లు లేకుండానే బానలో తృప్తిగా బతికినవాడు ఒకడున్నాడు అని చెప్పాను. వదిన పెదాలు కదల్లేదు. నేను మురిసిపోతూ ఉండగానే గదినిండా కాగితాల చప్పుడు. అందరూ పరిశుద్ధ గ్రంథాలు తెరిచి బానాయన కోసం వెతుకుతున్నారు!

"ఏ అధ్యాయమక్కా?" అంది పక్కింటామె.

"పాత నిబంధనలో ఉండాది. నేను గీత గూడా గీసి పెట్టుకున్నా," అంది వీధి చివరి పెద్దామె కళ్లజోడు సర్దుకుంటూ.

"గ్రీకోళ్లు పాతదాంట్లో యాడుంటారు మే? కొత్తదాంట్లో చూడు," అంది వదిన.

కూడిక నడిపించే పాస్టరమ్మ గారు వేలు తడుపుకుంటూ ఒక్కో పేజీ తిప్పుతున్నారు. ఇక దాచలేకపోయాను.

"అందులో లేదమ్మగారూ. మా కోడలి పుస్తకంలో ఉంది."

చప్పుడు ఆగిపోయింది. గీత గీసిన పెద్దామె మాత్రం ఇంకా వెతుకుతూనే ఉంది.

పాస్టరమ్మ గారు గ్రంథం మూసి, "వానొస్తే బానలోకి నీళ్లు రావా?" అని అడిగారు. అంతే. బాన నిలబెట్టి ఉండేదా, పడుకోబెట్టి ఉండేదా అని వాదన మొదలైంది. టీ చల్లారిపోయింది.

"పెళ్లాం యాడ పడుకునేది?" అని ఒకామె.

"బానలో ఉండేవాడికి పిల్లనెవురిస్తారు మే!" అని ఇంకొకామె.

అందరూ వెళ్లిపోయాక వదిన ఒక్కతే గుమ్మంలో నిలబడింది.

"ఏంది వదినా?"

"వచ్చే శుక్రవారం మా ఇంట్లో గదా. నాదీ ఒకటే సాక్ష్యం మే, తప్పిపోయిన గేదె దొరికింది. నేను చెప్పేటప్పుడు నువ్వూ పెదాలు కదుపుతావు. చూళ్లేదనుకున్నావా?"

నేను తల దించుకున్నాను.

"ఆ పుస్తకంలో ఇంకెవురన్నా ఉండారా?"

"చుక్కలు చూస్తా నడిచి బాయిలో పడినాయన ఉండాడు."

"సచ్చినాడా?"

"లేదు, పైకి తీసినారు."

"అయితే అది సాక్ష్యమే," అని వదిన చెప్పులు వేసుకుంది.