వేపకొమ్మ చాటున ఛుట్టీ

నా చిన్నప్పుడు, సెలవులు గడపడం నాకు తప్ప ఎవరికీ చేతకాదని గట్టిగా నమ్మేవాణ్ని. బడిలో పీరియడ్లు ఉన్నప్పుడు సెలవుల్లో ఎందుకుండకూడదని, నోటుబుక్కులో స్కేలుతో గీతలు గీసి వేసవికి టైంటేబుల్ వేసుకున్న మూర్ఖుణ్ని నేను. రిటైరై అన్నీ సెలవులే అయిపోయిన ఈ వయసులో కూడా, ఊరికే కూర్చుంటే ఎవరో వచ్చి హాజరు వేస్తారేమోనని వెన్ను నిటారుగా పెడుతుంటాను.

మేం కామారెడ్డిలో ఉండేవాళ్లం. ఎండాకాలం రాగానే నన్ను బస్సెక్కించి ఎల్లారెడ్డిలోని మా నాయనమ్మ దగ్గరికి పంపేవారు. ఆ ఏడు మా చిన్నాయన కూడా దుబాయి నుంచి వచ్చాడు. రెండేళ్లకొకసారి దొరికే నెల రోజుల ఛుట్టీ. ఛుట్టీకి వచ్చినవాణ్ని చుట్టాలు చుట్టుముట్టారు. పొద్దున ఆయన కళ్లు తెరిచేసరికి అరుగు మీద నలుగురు ఉండేవారు. ఒకాయనకు వీసా కావాలి. ఒకావిడకు మస్కట్‌లో ఉన్న కొడుకు క్షేమం కావాలి. దుబాయి వేరు, మస్కట్ వేరని చిన్నాయన ఎంత చెప్పినా ఆమె వినలేదు.

"గంత దూరం పోయినోనివి, ఇంకింత దూరం పోయి మావోన్ని చూసి రారాదా?" అని నిష్ఠూరమాడింది. ఇంకొకామె, అల్లుడికి అందజేయమని మామిడికాయ తొక్కు జాడీ తెచ్చిపెట్టింది. చిన్నాయన తిరుగు ప్రయాణానికి అప్పటికింకా పదిహేను రోజులుంది.

వాళ్లందరికీ పంచగా మిగిలిన చిన్నాయన నా వంతు. సోమవారం పోచారం చెరువులో ఈత, మంగళవారం దోమకొండ కోట, బుధవారం కామారెడ్డిలో సినిమా. నేనేం కఠినాత్ముణ్ని కాను. టైంటేబుల్లో గురువారం గడి ఆయనకే వదిలేసి, అందులో 'చిన్నాయనకు విశ్రాంతి, సాయంత్రం నాలుగు నుంచి అయిదు' అని రాశాను.

సోమవారం పోచారం వెళ్లాం. చిన్నాయన మెడదాకా నీళ్లలో దిగి, కళ్లు మూసుకుని, బర్రెలా హాయిగా ఉండిపోయాడు. ఒడ్డున నిలబడి నేను గొంతు చించుకున్నాను: "ఇగ లే చిన్నాయినా, ఈత టైము అయిపోయింది!" పాపం, లేచాడు.

ఆ సాయంత్రం కంచంలో చెయ్యి పెట్టి అలాగే నిద్రపోయాడు. నాయనమ్మ భుజం తట్టి లేపితే, కళ్లు తెరవకుండానే అన్నాడు: "అవ్వా, గీ ఛుట్టీ కన్న ఆడ డ్యూటీయే నయమే. ఆడ శుక్రవారమన్న పండుకోనిస్తరు."

నాయనమ్మ ఆయన వేళ్లకు అంటిన మెతుకులు కొంగుతో తుడిచి, చాలాసేపు అక్కడే కూర్చుంది.

మర్నాడు నేను లేచేసరికి నాయనమ్మ నా మెడ వంచి చూస్తోంది. రాత్రి దోమలు కుట్టిన చోట వేలు పెట్టి, "అయ్యో బిడ్డా, తల్లి పోసింది!" అంది. అంటే ఆటలమ్మ. అంతే, గడపకు వేపకొమ్మ వేలాడింది. నన్ను వేపాకుల పక్క మీద పడుకోబెట్టి ఒళ్లంతా పసుపు పూసింది. నేను నమ్మడమే కాదు, చెప్పగానే జ్వరం కూడా తెచ్చుకున్నాను. దేవుడి గూటి ముందు నాయనమ్మ చెంపలేసుకుంటూ ఏదో బతిమాలుకోవడం చూసి, నా కోసమేననుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

ఆటలమ్మ ఉన్న ఇంట్లోకి ఎవరూ రారు. వీసా ఆయన వేపకొమ్మ దాకా వచ్చి, దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగాడు. చిన్నాయన పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. లేచి, అన్నం తిని, అలసిపోయి మళ్లీ పడుకున్నాడు. రెండో రోజు నాయనమ్మ చింతపండు కొడుతుంటే, పక్కన కూర్చుని గింజలు ఏరుతూ ఇద్దరూ ఏవో పాత సంగతులు చెప్పుకుని నవ్వుకున్నారు. నేను పడుకుని, పెంకుల సందులోంచి పడ్డ ఎండచుక్క గోడ మీద మెల్లగా పాకడం చూస్తూ ఉండిపోయాను. అది తలుపు దాకా వచ్చేసరికి ఒక పూట గడిచింది. పూట వృథా అయిందన్న దిగులు నాకు రాలేదు. రోగం ముదిరిందేమో అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం తాలింపు వాసన వచ్చింది. తల్లి పోసిన ఇంట్లో తాలింపు వేయరు, నీసు వండరు. నాకు మూడు రోజులుగా చప్పిడి పెరుగన్నమే. వాసన పట్టుకుని పెరట్లోకి వెళితే, చిన్నాయన చేతిలో కోడికాలు.

"అంటే నాకు తల్లి పొయ్యలేదా?"

చిన్నాయనకు పొలమారింది. నాయనమ్మ మాత్రం గరిటె ఆపలేదు. "పోసింది బిడ్డా. నీకు గాదు, నీ నోటుబుక్కుకు పోసింది." తర్వాత గొంతు తగ్గించి అంది: "వాడు పోతే మల్ల రెండేండ్లకు గాని కండ్లవడడు. కడుపునిండ తిని, కంటినిండ పండుకోనియ్యరా, జర."

ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది. మా ఇంటికి ఎవరైనా సెలవు మీద వస్తే, రేపెక్కడికి పోదామని అడగను. పక్క వేసి, తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తాను. కానీ ఇదంతా తర్వాత వచ్చిన బుద్ధి. ఆ పూట వచ్చింది కోపమొక్కటే.

సరిగ్గా అప్పుడే పక్కింటి అక్క వాకిట్లో నిలబడి, "పెద్దమ్మా, పిలగానికి ఎట్లుంది?" అని కేకేసింది. నాయనమ్మ నోరు తెరిచేలోపు నేను కిటికీ దగ్గరికి పరుగెత్తాను.

"నాకు తక్కువైందక్కా! ఇప్పుడు మా చిన్నాయనకు పోసింది!"

గంటలో వాడకట్టంతా తెలిసింది. ఆడవాళ్లు వంతులవారీగా వాకిట్లోకి వచ్చి, కిటికీలోంచి చూసి పరామర్శించసాగారు. ఇక నాయనమ్మకు దారి లేదు. దుబాయి చిన్నాయన ముఖానికి పసుపు పూసుకుని వేపాకుల మీద పడుకుని, పెరుగన్నం మింగుతూ నావైపు గుర్రుగా చూశాడు. నేను పెరటి గడపలో కాళ్లు చాపుకుని కూర్చుని, మిగిలిన కోడికూరంతా నింపాదిగా, ఒక్కో ముక్కా చీకుతూ తిన్నాను.