తూము కెప్టెన్

మా ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాసిపెట్టమని కమిటీవాళ్ళు అడిగితే నేను వెంటనే ఒప్పుకోలేదు. రిటైరైన సైన్సు మాస్టారిని, తీరిక ఉన్నవాణ్ణి, పైగా ఒకప్పుడు అదే క్లబ్బుకి కుడి అంచున రైట్ అవుట్ ఆడినవాణ్ణి. ఇంతకంటే అర్హతలు అక్కర్లేదని వాళ్ళు అనుకున్నారు. పాత రిజిస్టర్లు ఏనాడో వరదలో నానిపోయాయి. అప్పటి సంగతులు తెలిసినవాళ్ళం ఇప్పుడు నలుగురైదుగురం మిగిలాం. "మీరు కాకపోతే ఇంకెవరు రాస్తారండీ" అన్నారు. మాట నిజమే. కాని ఆ చరిత్రలో ఒకచోట నేనున్నాను. అది గొప్పగా చెప్పుకునే చోటు కాదు. అందుకని వారం రోజులు వాళ్ళ ఫోన్లు ఎత్తలేదు.

చివరికి ఎత్తాను. ఆ క్లబ్బుకి నేను చాలా రుణపడి ఉన్నాను. చదువు వల్ల ఉద్యోగం వచ్చింది కాని, అరవైమంది పిల్లల ముందు గొంతు వణక్కుండా నిలబడే ధైర్యం మాత్రం ఆ మైదానంలోనే వచ్చింది. నా పెళ్ళికి పందిరి వేసింది క్లబ్బువాళ్ళు. మా నాన్నగారు పోయినప్పుడు నాకంటే ముందు మా గుమ్మంలో నిలబడింది వాళ్ళే. అలాంటివాళ్ళు రాయమంటే కాదనడం బుద్ధున్నవాడి పని కాదు.

మా ఊరు రాజమండ్రికి బస్సులో గంటన్నర, కాలువ పక్కన. మా తాతగారి కాలంలో హైస్కూలుకి కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టారొకరు ట్రంకుపెట్టెలో తోలుబంతి పెట్టుకొచ్చారట. అంతవరకు చెడుగుడు తప్ప మరో ఆట తెలియని ఊరు. కోతలయ్యాక ఖాళీ అయిన మళ్ళలో ఆయన ఆట నేర్పారు. తర్వాత ఒక రైతుగారు కాలువ పక్కనున్న పల్లపు చెక్క మైదానానికి ఇచ్చారు. వరి సరిగా పండని చెక్క కాబట్టి ఇచ్చారని మా నాన్నగారు ఎద్దేవా చేసేవారు. ఎందుకిచ్చినా ఇచ్చారు, ఆయనకి నా నమస్కారం.

మా క్లబ్బుకి మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. మైదానంలో గీతలు సున్నంతో గీయరు, రైసు మిల్లునుంచి తెచ్చిన ఊక బూడిదతో గీస్తారు. ఆ రోజుల్లో అందరం ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళం. పాదాలు పగిలి ఉంటే సున్నం మంటెత్తిస్తుంది. ఇప్పుడు అందరూ రంగురంగుల బూట్లు వేసుకుంటున్నారు, అయినా గీతలు మాత్రం బూడిదవే. ప్రతి ఆదివారం పొద్దున్న తాడు లాగి ఆ గీతలు గీసేది డెబ్బై దాటిన ఒక పెద్దాయన. ఊళ్ళో ఆయన్ని తూము కెప్టెన్ అంటారు.

ఆ పేరు వచ్చిన ఏడాది మా కెప్టెన్ ఆయనే. రైసు మిల్లులో ఇంజను చూసేవాడు, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. గోల్‌కీపరు ముందు నిలబడి వచ్చిన బంతినల్లా ఆపేవాడు. ఆ ఏడు జిల్లాలో పెద్ద టోర్నమెంటు మా మైదానంలోనే పెట్టారు. మేము మొట్టమొదటిసారి ఫైనల్‌కి వచ్చాం. అవతలి జట్టు పట్నంవాళ్ళు. వాళ్ళందరికీ బూట్లున్నాయి.

అది దాళ్వా, అంటే రెండో పంట కాలం. మైదానం ఎండి ఇటుకలా గట్టిపడి, వేలు దూరేంత బీటలు వారింది. ఫైనల్‌కి ముందురోజు కెప్టెన్ మా అందర్నీ కూర్చోబెట్టి, "కాలువ తూము ఓ జానెడు ఎత్తి రెండు గంటలు తడిపితే చాలు. మన పాదం పట్టుకుంటుంది, వాళ్ళ బూటు జారుతుంది" అన్నాడు. ఆ పని నేను చూస్తానన్నాను. మా పొలం కూడా ఆ తూము కిందే. చిన్నప్పటినుంచి దాని తలుపు ఎత్తడం, దించడం నాకు అలవాటే.

మధ్యాహ్నం వెళ్ళి జానెడు ఎత్తాను. కాలువలో నీళ్ళు అడుగంటి ఉన్నాయి. సన్నటి ధార తప్ప ఏమీ రాలేదు. మూరెడు ఎత్తాను. అదే ధార. విసుగొచ్చి తలుపు పూర్తిగా పైకి లాగేసి, పొద్దుగూకేలోపు వచ్చి దించుదామని ఇంటికి పోయాను. ఇంట్లో మా అమ్మ నా మోకాలికి ఆవనూనె రాసి కదలొద్దని కూర్చోబెట్టింది. తూము గుర్తొచ్చింది. ఆ చెంబెడు నీళ్ళు ఎంతని పారతాయిలే అనుకున్నాను.

మా డెల్టాలో రెండో పంటకి నీళ్ళు వంతుల మీద వదులుతారు. కొన్నాళ్ళు పై ఊళ్ళకి, కొన్నాళ్ళు కింది ఊళ్ళకి. ఆ రోజుతో పై ఊళ్ళ వంతు ముగిసింది, మా వంతు మొదలైంది. పై లాకు ఎత్తారు, కాలువ నిండుగా వచ్చింది. రైతు ఇంట్లో పుట్టి వంతు మారే రోజు మర్చిపోయినవాణ్ణి మా ఊరు మొత్తం మీద నేనొక్కణ్ణే చూశాను, అదీ అద్దంలో.

తెల్లవారేసరికి మైదానం నిండా మోకాల్లోతు నీళ్ళు. గోలు కర్రల మధ్య ఒక కొంగ మా గోల్‌కీపరు కంటే శ్రద్ధగా నిలబడి ఉంది. నవ్వే పరిస్థితి కాదు. కాలువ నీళ్ళన్నీ మైదానంలోకి తిరిగిపోవడంతో కింది పొలాలకి చుక్క చేరలేదు. వరి పొట్టమీద ఉంది, నీళ్ళు తప్పనిసరైన అదను. వారం ఎదురుచూసిన రైతులు తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని గట్టుమీద బారులు తీరారు. మా నాన్నగారు కూడా వాళ్ళలో ఉన్నారు. టోర్నమెంటువాళ్ళు మరోపక్క నిలబడ్డారు.

"మా వంతు నీళ్ళు మీ బంతికి పోశారేంటయ్యా" అన్నాడు అందరికంటే పెద్ద రైతు. "తూము ఎత్తిందెవరు?"

నేను నోరు తెరిచాను. మా నాన్నగారి మొహం చూసి మూసేశాను.

"నేనేనండి" అన్నాడు కెప్టెన్. "ఎత్తాను, దించడం మర్చిపోయాను. తప్పు నాదేనండి."

నావైపు చూడను కూడా చూడలేదు. రైతులు అనవలసిన మాటలన్నీ అన్నారు. ఆయన తల వంచుకుని విన్నాడు. టోర్నమెంటువాళ్ళు మాట్లాడుకుని రెండు ముక్కల్లో తేల్చారు. సాయంత్రం నాలుగింటికి మైదానం సిద్ధంగా లేకపోతే కప్పు పట్నం జట్టుకిచ్చేస్తారు. మైదానం పాడుచేసినవాడు ఎలాగూ ఆడడానికి వీల్లేదు. "అలాగేనండి" అన్నాడు కెప్టెన్. ఐదేళ్ళుగా ఆయన ఎదురుచూసిన మ్యాచి అది.

ఆ తర్వాత జరిగింది మాత్రం నేను అనుకోనిది. అందరికంటే గట్టిగా తిట్టిన ఆ పెద్ద రైతే బండిమీద ఆయిలింజను తెప్పించి, పైపు మైదానంలో వేసి, రెండో కొస తన పొలంలో పడేశాడు. "మా వంతు మేం తోడుకుంటాం, మీ ఆట మీరు ఆడుకోండి" అన్నాడు. మిగతావాళ్ళు గూడలు తెచ్చారు. గూడ అంటే రెండుపక్కలా తాళ్ళు కట్టిన తట్ట, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఊపుతూ నీళ్ళు ఎత్తిపోస్తారు. ఒక తాడు రైతు పడితే ఇంకో తాడు ఆటగాడు పట్టాడు. నాకు ఎదురుగా నిలబడింది మా నాన్నగారే. రెండు గంటలు ఆయన కళ్ళలోకి చూడకుండా నీళ్ళు తోడాను. మధ్యాహ్నానికి మైదానంలో నీళ్ళు పోయాయి, పొలాలు తడిశాయి. మిల్లునుంచి బండ్లతో ఊక వచ్చింది. బురదమీద దాన్ని పరిచారు. తను ఆడని మ్యాచికి గీతలు గీసింది కెప్టెనే. ఒక్క గీత కూడా వంకర పోలేదు.

ఆట మటుకు ఆయన చెప్పినట్టే సాగింది. బూట్లకి బంక మట్టి పట్టి పట్నంవాళ్ళు కాళ్ళు ఈడ్చుకుంటూ తిరిగారు. చివర్లో బంతి నాకు దొరికింది. ఎదురుగా ఖాళీ గోలు, కీపరు ఎక్కడో పడి ఉన్నాడు. ఊక కింద బురదలో కాలు జారింది. బంతి గోలుకర్ర మీంచి వెళ్ళి కాలువలో పడింది. మరి కాసేపటికి వాళ్ళు గోలు కొట్టారు. ఆట ముగిశాక కెప్టెన్ వచ్చి నా చేతిలో నిమ్మకాయ బద్ద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆయన ఆడి ఉంటే ఆ గోలు పడేది కాదని, కప్పు ఆ తూములో కొట్టుకుపోయిందని ఊరంతా అనుకుంది. పేరు అలా స్థిరపడిపోయింది. మొదట కోపంగా అన్నారు, తర్వాత వేళాకోళంగా, చివరికి అలవాటుగా. ఆయన కూతురి పెళ్ళి శుభలేఖలు పంచేటప్పుడు కూడా తూము కెప్టెన్‌గారి అమ్మాయి పెళ్ళనే అన్నారు. ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను. మొదట్లో నాన్నగారంటే భయం. ఆయన పోయాక ఇప్పుడు చెప్పి ఏం లాభమన్న సాకు. పిరికితనాన్ని పిరికితనం అనడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

అందుకే చరిత్ర రాయడం మొదలుపెట్టాక ముందుగా రాసింది ఆ ఏడాది సంగతే. ఆదివారం పొద్దున్న ఆ కాగితం పట్టుకుని మైదానానికి వెళ్ళాను. ఆయన బూడిద బకెట్టు పక్కన పెట్టుకుని, వంగి గీత గీస్తున్నాడు.

"ఏవయ్యా మాస్టారూ, ఇంత పొద్దున్నే వచ్చావేంటి?"

"రాసింది మీకు వినిపిద్దామనండి."

"చదువు. కళ్ళజోడు ఇంట్లో ఉంది."

చదివాను. "ఆ ఏడాది తూము ఎత్తి, దించకుండా వదిలేసింది కెప్టెన్ కాదు. రైట్ అవుట్ ఆడిన నేను."

ఆయన గీత ఆపలేదు. "ఆ ముక్క కొట్టెయ్" అన్నాడు.

"ఎందుకండీ?"

"క్లబ్బు చరిత్రలో నా గురించి ఉన్నది అదొక్కటే. అదీ నువ్వే పట్టుకుపోతే నాకేం మిగులుతుంది?"

నవ్వాను కాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడెందుకు మీమీద వేసుకున్నారని అడిగాను. నలభై ఏళ్ళుగా అది నామీద జాలి అనుకుంటూ వచ్చాను.

"ఎత్తమన్నది నేనే కదా" అన్నాడు. "పైగా బ్యాక్ ఆడేవాడు మనకి ఇంకొకడున్నాడు. రైట్ అవుట్ నువ్వొక్కడివే."

"నామీద కోపం రాలేదా అండీ?"

"వచ్చింది. తూముకి కాదు. ఖాళీ గోలు, ఎదురుగా, అంత దగ్గర్నుంచి. ఇప్పటికీ తలుచుకుంటే కోపమే."

మీకు ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదండి అన్నాను. ఆయన తాడు కొస నా చేతికిచ్చి, బిగించి పట్టుకోమన్నాడు. మిగతా గీతలు ఇద్దరం కలిసి గీశాం.

ఆ ముక్క నేను కొట్టెయ్యలేదు. క్లబ్బు వార్షికోత్సవంనాడు, మైదానంలో షామియానా కింద, కార్యదర్శి పుస్తకం తెరిచి అదే పేజీ మైకులో చదివాడు. కుర్చీలన్నీ నావైపు తిరిగాయి. వెనకనుంచి ఎవరో, "అయితే ఇన్నాళ్ళూ పేరు వేరేవాళ్ళకి పెట్టాం కదండీ" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఇప్పుడు కూరగాయల బజారులో నన్ను తూము మాస్టారు అంటున్నారు. పిలిచిన ప్రతిసారీ పలుకుతున్నాను. మొన్న ఆదివారం గీతలు గీస్తుంటే, ఆడడానికి వచ్చినవాళ్ళలో ఒకతను గట్టుమీదనుంచి ఆయన్ని కేకేశాడు. "కెప్టెన్‌గారూ, మొదలెట్టొచ్చా అండీ" అన్నాడు. ముందు తూము లేదు. ఆయన చేతిలో బూడిద చేతిలోనే ఉండగా ఒక్క క్షణం నావైపు చూసి, అప్పుడు అతనికి చెయ్యి ఊపాడు.