తెల్లబట్ట

పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టే సవర సొంబారి, జీడిరసానికి నల్లబడ్డ వేళ్లను ఎప్పుడూ కొంగులో దాచుకునేది. కొండ దిగి ఏళ్లయినా తెలుగు సగమే వచ్చింది. ఆగకుండా నెత్తురు పోతోంటే గోనెపట్టా మడిచి కింద వేసుకుని పని చేసింది. చివరికి ఆస్పత్రికి వెళ్లింది. ముందొచ్చిన షావుకారు భార్యను బల్ల మీద పడుకోబెట్టి పరీక్షించి, విశాఖ పంపారు. సొంబారిని గుమ్మంలోనే నిలబెట్టి, "తెల్లబట్ట అవుతందేటే?" అంది నర్సు. అది ఆడవాళ్ల జబ్బు పేరని తెలియక, "నా కాడ తెల్లబట్ట నేదమ్మా, అన్నీ రంగుసీరలే," అంది సొంబారి. అందరూ పకపకా నవ్వారు. మర్యాదకి తనూ నవ్వింది. ఆ నవ్వుల్లో నెత్తురు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బలంమాత్రలిచ్చి పంపేశారు. గర్భసంచి మూతికి క్యాన్సరని తేలేసరికి అంతా అయిపోయింది. అప్పుడు మాత్రం ఫ్యాక్టరీవాళ్లు ఆమెకు కొత్త తెల్లబట్ట కొనిచ్చారు.