గంటన్న ముందు వరసలో కూర్చున్న రోజు

మా బడిలో గంటన్న ముప్పై రెండేళ్లు గంట కొట్టాడు. ఏటా గ్రూప్ ఫొటో రోజున కుర్చీలు మోసి, వరసలు సర్ది, ఆఖరి క్షణంలో పరుగెత్తుకొచ్చి వెనక వరస చివర నిలబడేవాడు. అందుకని ఏ ఫొటోలోనూ ఆయన ముఖం కుదిరింది లేదు. ఒకదాంట్లో చెవి, ఇంకోదాంట్లో కదిలిపోయిన భుజం. పదవీ విరమణ రోజున ఆయన కోరింది ఒక్కటే: ముందు వరసలో మధ్య కుర్చీ, ఇంట్లో గోడకి పెట్టుకునేలా ఒక ఫొటో.

నేనున్నాగా అన్నాను. అదే నా తెగులు.

ఆ బడిలోనే మాస్టరుగా రిటైరై ఏడాది తిరక్కుండానే నేనో కెమెరా కొన్నాను లెండి. ఫుల్‌ఫ్రేమ్ వాటిల్లో అదే చవకన్నాడు కొట్టాయన. లోపలి సెన్సర్ పాత ఫిల్ము రీలులో ఒక గడి అంత ఉంటుంది, మసక వెలుతురులోనూ బొమ్మ తేటగా వస్తుంది, మెమరీ కార్డులు రెండు పడతాయి కాబట్టి ఒకటి పాడైనా ఇంకొకటుంటుంది. ఈ మూడు ముక్కలూ పాలాయనతో సహా వీధంతటికీ అప్పజెప్పాను. లెన్సు పూర్తిగా తెరిస్తే ఫోకస్ పెట్టిందొక్కటే నిలిచి, మిగతాదంతా మీగడలా కరిగిపోతుంది. దానికైతే పడి చచ్చాను. వంటింట్లో గరిటెకి ఫొటో తీసినా అలాగే.

ఆ రోజు నాలుగు వరసలు. లెన్సు బార్లా తెరిచి, కన్ను వ్యూఫైండర్‌కి ఆనించాను. ముప్పై అయిదేళ్లు పాఠం చెప్పిన కన్ను కదా, తిన్నగా వెళ్లి ఆఖరి వరస మీద వాలింది. అక్కడ ఇద్దరు గుసగుసలాడుతున్నారు. ఫోకస్ చుక్క వాళ్ల మీదే పెట్టి నొక్కాను. పదిసార్లు.

ఇంటికొచ్చి చూస్తే వెనకవాళ్ల పళ్లు లెక్కపెట్టొచ్చు. ముందున్న గంటన్న మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో మనిషి. రెండు కార్డుల్లోనూ, పొల్లుపోకుండా.

మా ఆవిడ తొంగిచూసి, "మీకు బుద్ధిమంతులు ఏనాడు కనబడ్డారు గనక" అంది.

మర్నాడు కెమెరా మెళ్లో వేసుకుని గంటన్న ఇంటికి వెళ్లాను. వెలుతురు చాల్లేదనీ, కార్డు పాడైందనీ దారంతా అబద్ధాలు వల్లె వేశాను. గుమ్మంలో ఒక్కటీ గుర్తురాలేదు. చూపించాను. ఆయన ముందు వరసలో మధ్య కుర్చీ మీద వేలు పెట్టాడు.

"వెనకున్నప్పుడు వెనకున్నాలే అని సరిపెట్టుకున్నాను మాస్టారూ. ముందు కూర్చున్నా ఇంతేనా?"

గోడకుర్చీ వేయాల్సింది నేనే. తప్పు కెమెరాది కాదు, నాదేనన్నాను. ఇప్పుడిక్కడే మళ్లీ తీస్తానన్నాను. ఆయన నిన్నటి చొక్కా తొడుక్కొచ్చి వాకిట్లో కూర్చున్నాడు. లెన్సు కాస్త మూసి, చుక్క ఆయన కంటి మీద పెట్టాను. వెనక ఎవరూ లేరు కాబట్టి నా కన్ను ఎక్కడికీ పోలేదు.

తెర మీద పెద్దది చేసి చూపించాను. ఎవరి ముఖాన్నో చూసినట్టు చూసుకున్నాడు. చుబుకం కింద బ్లేడుకి తప్పిపోయిన నాలుగు తెల్లవెంట్రుకలు కూడా పడ్డాయి. నన్ను కూర్చోమని, లోపలికెళ్లి మళ్లీ గడ్డం గీసుకొచ్చాడు.

ఇంకోటి తీశాను. ఆ రెండోదే గోడకెక్కింది.